పడని దెబ్బ

నేను చర్చికి భక్తి పట్టుకుని వెళ్ళలేదు, బంక పట్టుకుని వెళ్ళాను. గరివిడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి చర్చిలో హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయని, వచ్చి బాగుచెయ్యాలని అక్కడి పాస్టరు గారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చి అడిగారు. ఆయన ఒకప్పుడు నా శిష్యుడే. తొమ్మిదో తరగతిలో నేను చెప్పిన తెలుగు కన్నా నేను కొట్టిన దెబ్బలే ఎక్కువ వంటబట్టించుకున్నవాడు. అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడితే, నేనే లోపలికి పిలిచి కుర్చీ వేశాను.

మాది సంగీతం మీద బతికిన కుటుంబం. తాతగారు గుడిలో పాడేవారు. నాన్నగారు గుడిలోనూ బడిలోనూ పాడేవారు. నేను బడిలో కేకలు వేశాను. వంశం నుంచి నాకు దక్కింది హార్మోనియం రిపేరు ఒక్కటే.

"రిటైరైనోళ్ళు కాశీ ఎల్తారు. మీరు కిరస్తానం గుడికి ఎల్తారేటి?" అంది మా ఆవిడ.

"ఎలుక కొరికిన పెట్టెకి మతమేటే?" అని మైదా బంకా, పాత తోలు సంచీ ఒకటీ పట్టుకుని బయల్దేరాను.

తిత్తికి అతుకు వేశాక పెట్టె పలుకుతోందో లేదోనని నాలుగు మెట్లు నొక్కి చూశాను. చర్చి ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చీపుళ్ళు కింద పెట్టకుండానే పాట అందుకున్నారు. రాగం నాకు తెలిసిందే, మాటలే తెలీవు. చూస్తూ చూస్తూ పాటని సగంలో వదలడం మా ఇంటా వంటా లేదు. అలా ఆదివారాలు వాయించడం మొదలైంది. "నాకు శ్రుతి తెలుసు గానీ స్తుతి తెలీదయ్యా" అన్నాను పాస్టరు గారితో. "రెండోది మేం చూసుకుంటాం మాస్టారూ, మొదటిది మీరు చూసుకోండి" అన్నాడాయన.

ఆ చర్చి రేకుల షెడ్డు. రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరుగుతుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. హార్మోనియం ముందు మూలన, జనానికి ఎదురుగా. అక్కడ కూర్చున్నవాడికి అందరి మొహాలూ కనబడతాయి. ఎవరు పాడుతున్నారు, ఎవరు ఊరికే పెదాలు ఆడిస్తున్నారు, ఎవరు కునుకుతున్నారు. ముప్పై ఏళ్ళకి పైగా జీతానికి చేసిన పనే ఇది. ఇప్పుడు జీతం లేకుండా చేస్తున్నాను.

మే నెల మొదటి ఆదివారం నేనొక పొరపాటు చేశాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ళకి ప్రభువు బల్ల ఉంటుంది. తమ కోసం ప్రాణం పెట్టిన దేవుణ్ణి తలుచుకుంటూ చిన్న రొట్టె ముక్క తింటారు, ఒక గుక్క ద్రాక్షరసం తాగుతారు. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళకే అది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేను అడగనూలేదు. పళ్ళెం నా ముందుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక గుళ్ళో పళ్ళెం ముందుకొస్తే ఏం చెయ్యాలో నా చేతులకి తెలుసు. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన. ముక్క అందుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. తర్వాత చిన్న గ్లాసులో ద్రాక్షరసం వచ్చింది. అదీ అరచేతిలో పోసుకుని తీర్థంలా పుచ్చుకుని, మిగిలిన తడి తల మీద రాసుకున్నాను. నా తల మీద జుట్టు లేదు. నల్లద్రాక్ష రంగు మాత్రం చక్కగా నిలిచింది.

చాపల మీద కిసుక్కుమన్నారు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. మనిషి మంచివాడే, మొహమే కాస్త కేసు విచారణకి వచ్చినట్టుంటుంది. "మాస్టారూ, అర్హత లేకండా తింటే శిక్ష మనం తెచ్చుకున్నట్టే అవుద్ది. మీకు తెలీదు కదా అని సెప్తన్నాను" అన్నాడు. తిన్న తర్వాత చెప్పడంలోని ఉపకారం ఏమిటో నాకర్థం కాలేదు గానీ, భయం మాత్రం వేసింది.

ఆ భయానికి మూలం నా పెంపకం. మా ఊళ్ళో అమ్మవారికి కోపం వస్తే ఊరందరికీ తెలిసేది. ఎందుకొచ్చిందో చెప్పడానికి ఒకరుండేవారు, ఏమిస్తే తగ్గుతుందో వారే చెప్పేవారు. నాకు ఒళ్ళంతా పొక్కులు పోసినప్పుడు మా అమ్మ ఘటం మొక్కి, వేపాకులు వేసిన పసుపు నీళ్ళు, అదే ముర్రాట, నెత్తిన పెట్టుకుని వెళ్ళి అమ్మవారి ముందు పోసి వచ్చింది. పోశాక ఇంటికొచ్చి హాయిగా అన్నం తిని పడుకుంది. ఆ పద్ధతిలో నాకెన్నడూ లోపం కనిపించలేదు. తప్పు, కోపం, ముర్రాట, నిద్ర. వరస తెలిసిన మనిషికి దిగులుండదు.

అంచేత పాస్టరు గారి దగ్గరకి వెళ్ళి, "ఏం చెల్లించాలో చెప్పు నాయనా. కొబ్బరికాయా, కొవ్వొత్తులా, ఉపవాసమా?" అని అడిగాను.

"ఏమీ లేదు మాస్టారూ."

"ఏమీ లేదంటే?"

"ఏమీ లేదంటే ఏమీ లేదు. తెలీక తిన్నారు. ఆయనకి కోపం రాదు. కావాలంటే ఇంకెప్పుడు తినాలో, ఎందుకు తినాలో కూర్చుని మాట్లాడుకుందాం."

నిజం చెప్పొద్దూ, నాకు కాస్త చిన్నతనం అనిపించింది. ఇంత తప్పు చేస్తే కనీసం ఒక కొబ్బరికాయ ఖరీదు చెయ్యదా?

నాకు కుతూహలం పట్టుకుంది ఇక్కడే. ఏమీ పుచ్చుకోకుండా తప్పు వదిలేసే దేవుడితో మనుషులు ఎలా వేగుతారు? ఈ ప్రశ్న పెట్టె ముందు కూర్చుని ఆలోచిస్తుంటే, ఆ ఆదివారం నేను చూసిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. పళ్ళెం అందరి దగ్గరకీ వెళ్ళింది. గుమ్మం పక్కన కూర్చున్న ఒకావిడ దగ్గర మాత్రం ఆగలేదు. ఆవిడే తల అడ్డంగా ఊపి పక్కకి పంపేసింది. అరవైకి దగ్గర పడిన మనిషి. ఎండకి కాలిన మొహం, ముతక నేత చీర. చిత్రమేమిటంటే ఆ రొట్టె చేసేది ఆవిడే. నెల నెలా శనివారం పొద్దున్నే గోధుమపిండి కలిపి, పులియబెట్టకుండా పెనం మీద కాల్చి, గుడ్డలో చుట్టి తెస్తుంది.

"ఆవిడ తినదు మాస్టారూ" అన్నాడు పాస్టరు గారు. "నాలుగేళ్ళైంది. ఎందుకమ్మా అంటే, అడగొద్దంటాది. అడగడం మానేశాను. రొట్టె చెయ్యడం మాత్రం మానదు."

ఇదేం చోద్యం? వండినమ్మ ఎంగిలి పడకపోవడం పెళ్ళిళ్ళలో చూశాం గానీ, నాలుగేళ్ళా?

ఆ తర్వాత వరసగా రెండు ఆదివారాలు ఆవిడ నన్ను గుమ్మం దగ్గర ఆపి పలకరించింది. "మాస్టారూ, ఒంట్లో బాగుందేటి? కడుపులో ఏటీ లేదు కదా? రేతిరి నిద్ర పడతందా?" ఎంత మర్యాద తెలిసిన మనిషో అని మా ఆవిడతో చెప్పాను. "మీ మొకం సూస్తే జబ్బోడిలా అగుపించుంటారు" అందావిడ.

నాలుగో వారంలో శృంగవరపుకోటలో మా మేనకోడలింటికి వెళ్ళాను. ఆ పక్క పనసపళ్ళ సంగతి తెలిసిందే. పెరట్లో కాసిన పండు, కోసిపెట్టిన చేతుల ఆదరం, వద్దనలేని నా బలహీనత. ఇంటికి తిరిగి వచ్చాక మూడు రోజులు మంచానికీ పెరటికీ మధ్య బతికాను. ఆదివారం హార్మోనియం మూగబోయింది.

సోమవారం మధ్యాహ్నం ఆ రొట్టె చేసే ఆవిడ మా గుమ్మంలో ఉంది. నాలుగు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చింది. చేతిలో పెరుగు చెంబు. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనన్నీ సూస్తన్నాను మాస్టారూ. దెబ్బ పడీసింది కదా మీకు. ఆ ముక్క తిన్నందుకే పడీసింది."

"తిన్నది ముక్క కాదమ్మా, పనస తొనలు. ఇరవై రెండు" అన్నాను.

"ఇరవై ఆరు" అంది మా ఆవిడ లోపల్నుంచి.

ఆవిడ ఏడుపు ఆపి నా వంక అనుమానంగా చూసింది. "నిజంగానేటి?"

"ఒట్టు."

ఆ మాటకి సంతోషించాలో దిగులుపడాలో తెలీనట్టు అయింది ఆవిడ మొహం. చెంబు గుమ్మంలో దింపి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టింది. రెండు ఆదివారాలూ ఆవిడ నన్ను పలకరించింది మర్యాదకి కాదు. అర్హత లేకుండా తిన్నవాడికి దేవుడు ఏం చేస్తాడో నా మీద చూస్తోంది.

"మీకు ఏటీ అవకపోతే..."

"అవకపోతే?"

"నేనూ తినొచ్చేమో అని."

"అంటే నన్ను పరీక్షకి కూర్చోబెట్టావా?"

"మీరు బళ్ళో మాస్టారు కదా, పరీచ్చలకి అలవాటేనని" అంది. పాపం, హాస్యానికి అన్నది కాదు. మా ఆవిడ మాత్రం వంటింట్లో నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"అయితే ఇంకేం, నేను బాగానే ఉన్నాను. నువ్వూ తినొచ్చు" అన్నాను.

"మీరు తెలీక తిన్నారు మాస్టారూ. నేను తెల్సి సేసేను. మీ పరీచ్చ పేపరు వేరు, నాది వేరు."

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, తనూ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. రొట్టె చేసే ఆవిడ జరిగింది చెప్పింది.

ఆవిడదీ, తోడికోడలిదీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక్కటే దడి. మొగుడు జబ్బు పడ్డప్పుడు ఆవిడ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. మొగుడు పోయాడు, చర్చి మిగిలింది. తోడికోడలి ఇంట్లో పాత దేవుళ్ళే. దానివల్ల ఇద్దరికీ ఎప్పుడూ తగువు రాలేదు. నాలుగేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఈవిడ పెరట్లో ఊడ్చిన తుక్కుకి నిప్పు పెట్టి లోపలికి వెళ్ళింది. గాలి లేచింది. దడి అవతల తోడికోడలి గడ్డివామి అంటుకుంది. ఏడాది మేత, అరగంటలో బూడిద.

ఎవరు పెట్టారు నిప్పు? ఊరి పెద్దలు అడిగారు. తుక్కు ఆనవాలు కూడా మిగల్లేదు, అంతా ఒకే మసి. భయంతో ఈవిడ నోట కాదన్న మాట వచ్చేసింది. వచ్చిన మాటని వెనక్కి తీసుకోవడానికి దారి లేకపోయింది. మా వైపు ఇలాంటి తగువుల్లో ప్రమాణం చేయిస్తారు. తలారా స్నానం చేసి, తడి బట్టలతో అమ్మవారి ముందు కర్పూరం చేత్తో ఆర్పి, నేను కాదు అనాలి. అబద్ధమైతే అమ్మవారు ఊరుకోదు. ఈవిడ అమ్మవారి దగ్గర చెయ్యనంది. అయితే మీ దేవుడి దగ్గరే చెయ్యమన్నారు. చర్చిలో పుస్తకం మీద చెయ్యి వేసి, నేను కాదు అంది.

"కిరస్తానపోళ్ళు పుస్తకం మీద అబద్ధం ఆడరని అందరూ ఎలిపోనారు మాస్టారూ. కేసు కొట్టీసేరు. ఆ సాయంత్రం నా తోడికోడలు వచ్చి నా కాళ్ళు పట్టీసుకుంది. నిన్ను అనుమానించేను అప్పా, నన్ను చమించు అని."

అప్ప అంటే మా వైపు అక్క. పెద్ద తోడికోడల్ని అలా పిలుస్తారు.

"నువ్వేమన్నావు?"

"చమించేను అన్నాను."

ఆవిడ కొంగు కొసని వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"మేత లేక అది ఆవుల్ని అమ్మీసుకుంది. నేను దాన్ని చమించేను. సూడండి."

అప్పట్నుంచి ఆవిడ దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. అమ్మవారి దగ్గరైతే గడువుంటుంది, ఇన్ని వారాల్లో ఏదో ఒకటి తెలిసిపోతుంది. ఇక్కడ గడువు లేదు. ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి, ఆవిడకి భయం వేసింది. కూతురికి మంచి సంబంధం వచ్చింది, ఇంకా భయం వేసింది. గేదెకి రెండేళ్ళూ వరసగా పెయ్యదూడలే పుట్టాయి, ఆవిడ రెండు రాత్రులు పడుకోలేదు. "కొట్టీస్తే పోనాది కదా మాస్టారూ! కొట్టడు. మంచే సేస్తాడు. ఎన్నాళ్ళని సూడాల? ఒట్టు తీసి గట్టు మీద పెట్టీ అంటారు కదా. మా గట్టూ దాని గట్టూ ఒకటే. ఎక్కడ పెట్టీది?"

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ పెరుగు గిన్నెలోకి వంచి రుచి చూసింది. "పెరుగు బావుంది" అంది. మా ఆవిడ బాధపడితే ఇలాంటి మాటలే వస్తాయి.

మర్నాడు నేను పాస్టరు గారిని టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. ఎవరి సంగతీ చెప్పలేదు. "మీ దేవుడు కోప్పడితే హాయిగా ఉంటుందనుకునేవాళ్ళకి మీరేం చెబుతారు?" అని అడిగాను, ఊరికే తెలుసుకుందామన్నట్టు.

ఆయన టీ గ్లాసు తిప్పుతూ నవ్వాడు. "మీరు నన్ను ఎన్నిసార్లు కొట్టుంటారు సార్?"

"ఇప్పుడదెందుకు నాయనా?"

"లెక్కలేదు కదా. ఎందుకు కొట్టారో ఒక్కటీ గుర్తులేదు నాకు. దెబ్బ పడగానే మన ఇద్దరి పనీ అయిపోయేది, బయటికెళ్ళి గోళీలాడుకునేవాణ్ణి. ఒకసారి మాత్రం పరీక్షలో చూసి రాస్తూ దొరికిపోయాను. మీరు నా కాగితం వంక చూశారు, నా వంక చూశారు, వెళ్ళిపోయారు. కొట్టలేదు. అదొక్కటీ ఇవాళ్టికీ గుర్తుంది."

ఎందుకు కొట్టలేదా అని నేను ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేను కొట్టేలోపల బెల్లు కొట్టి ఉంటారు. కానీ ఆ మాట అని ఆయన ముప్పై ఏళ్ళ జ్ఞాపకాన్ని పాడుచెయ్యడం ఎందుకని టీ తాగాను.

"కొడతారేమో అనుకున్నంతసేపూ మీ చేతి వంకే చూసేవాణ్ణి సార్" అన్నాడాయన. "కొట్టకుండా వెళ్ళిన రోజే మొదటిసారి మీ మొహం చూశాను. దేవుడి దగ్గరా అంతేననుకుంటాను. చెయ్యి ఎప్పుడు లేస్తాదా అని చూసేవాళ్ళకి ఆయన మొహం కనబడదు."

ఇది నాకు పూర్తిగా బోధపడిందని చెప్పను. అంత మంచి మాట నా చేతి పేరు మీద పుట్టిందంటే సిగ్గుగానే ఉంది. కానీ జూన్ మొదటి ఆదివారానికి ముందు శనివారం, ఆవిడ పిండి కలుపుతుంటే వెళ్ళి అరుగు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు ఆ మాట చెప్పాను. కథలో నా పేరు తీసేసి, ఎవరో మాస్టారు అన్నాను.

ఆవిడ పిండి పిసకడం ఆపింది. దడి అవతలికి చూసింది.

"ఆయన మొకం సరే మాస్టారూ. ముందు దాని మొకం సూడాల. నాలుగేళ్ళై సూడలేదు. మాటాడతాను, నవ్వుతాను, కూరిస్తాను. మొకం మాత్రం సూడను."

పిండి చేతుల్తోనే లేచింది. "మీరూ రండి" అంది. నేనెందుకని అడిగేలోపల ఆవిడ దడి తలుపు దాటింది.

తోడికోడలు పెరట్లో పీట మీద కూర్చుని రాయితో చింతపండు గింజలు కొడుతోంది. యాభై దాటినా చురుకైన మనిషి. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి మళ్ళీ కూర్చుంది. నేను మజ్జిగ వెనక దాక్కున్నాను.

"సెల్లీ" అంది ఈవిడ నిలబడే. "ఆ రోజు వామికి నిప్పు నా తుక్కు నుంచే ఎల్లింది."

రాయి ఆగింది. "ఏ రోజు?"

"నీ వామి కాలిన రోజు. నేనే పెట్టేను తుక్కుకి. గాలికి ఎగిరింది."

"పుస్తకం మీద సెయ్యేసేవు కదే!"

"ఏసేను."

"నేనొచ్చి నీ కాళ్ళు పట్టుకున్నాను కదే!"

"పట్టుకున్నావు."

"చమించేనని లేవదీసేవు కదే!"

"తీసేను."

ఆ తర్వాత తోడికోడలు తిట్టిన తిట్లలో నాకు సగమే తెలుసు. తెలుగు మాస్టారునై ఉండి ఇన్ని మాటలు ఎలా తప్పిపోయానా అనిపించింది. చింతగింజలు పెరడంతా చిందాయి. పొరుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. "నా ఎర్రావు బండెక్కనని మొరాయిస్తే కొట్టి ఎక్కించేరే! నా వంక సూసిందే అది! నువ్వు ఈ గుమ్మంలోనే నిలబడ్డావు కదే ఆ పొద్దు!" అని ఏడ్చింది. నా వైపు తిరిగి, "మీరేటి, సాచ్చీకం సెప్పడానికొచ్చేరా?" అంది.

"లేదమ్మా, మజ్జిగకి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

పెద్దావిడ కదల్లేదు. పిండి అంటిన చేతులు రెండు పక్కలా వేలాడేసి, తిట్టే మనిషి మొహాన్నే చూస్తూ నిలబడింది. ఎండలో నిలబడి వానలో తడుస్తున్నట్టుంది ఆవిడ వాలకం. చివరికి తోడికోడలు "పో, నా కళ్ళ ముందు ఉండకు" అంటే, దడి దాటి ఇవతలికి వచ్చింది.

"తిట్టింది మాస్టారూ" అంది, నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ.

"విన్నాను."

"బాగా తిట్టింది."

జ్వరం దిగినవాళ్ళ గొంతు అలా ఉంటుంది.

వెంటనే లోపలికెళ్ళి గడ్డి మోపు ఒకటి నెత్తిన పెట్టుకుని మళ్ళీ దడి దాటింది. నేను వద్దనే లోపలే ఆ మోపు దడి మీంచి ఎగిరి ఇవతల పడింది. వెనకే మాటా వచ్చింది: "పసువుల్లేని ఇంటికి గడ్డెందుకే? నేను మెయ్యాలేటి?"

సాయంత్రం పాస్టరు గారి దగ్గర అంతా చెప్పుకుందట. ఆదివారం పొద్దున పెట్టె సర్దుకుంటుంటే ఆవిడే నాతో అంది. "అది చమించలేదు కదా, నేనెలా తినీది అని అడిగేను. అయ్యగారేటన్నారంటే, ఆవిడ కోపం ఆవిడది, ఎన్నాళ్ళుంచుకుంటాదో ఉంచుకోనీ, నువ్వు తొందర పెట్టకు. కానీ బల్ల వేసింది ఆవిడ కాదు, నిన్ను పిలిచింది ఆవిడ కాదు అన్నారు." అని ఒక నిమిషం ఆగి, "ఏటి సెయ్యాలో తెలీడం లేదు" అంది. నాకూ తెలీదనే చెప్పాను.

ఆరాధన మొదలైంది. నేను వాయిస్తున్నాను. నా లెక్క ప్రకారం ఆ రోజు పాటలో మూడు చోట్ల తప్పు మెట్టు నొక్కాను, ఎవరూ పట్టించుకోలేదు. అందరూ గుమ్మం వంక చూస్తున్నారు. నేనూ చూశాను. తోడికోడలు వచ్చింది. లోపలికి రాలేదు. చెప్పులు విప్పకుండా గడప అవతల, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. చుట్టాల పెళ్ళికి పిలుపు లేకుండా వచ్చి, వాళ్ళేం వడ్డిస్తున్నారో చూసేవాళ్ళ చూపు. ఈ అబద్ధాలకోరు తన దేవుడి ముందు ఏం మొహం పెట్టుకుని తింటుందో చూద్దామని వచ్చానని తర్వాత ఆవిడే చెప్పింది.

పళ్ళెం బయల్దేరింది. మగవాళ్ళ వైపు తిరిగింది. నా ముందుకి వచ్చినప్పుడు చేతులు జోడించి పక్కకి పంపాను. ఆడవాళ్ళ వరసలు దాటుకుంటూ గుమ్మం దగ్గరకి వెళ్ళింది. పెద్దావిడ ముందు ఆగింది. ఈసారి ఆవిడ తల ఊపలేదు. చెయ్యి చాచింది. చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. గడప అవతల రెండు పాదాలు ఆవిడకి కనబడుతున్నాయి. తల ఎత్తి పైకి చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పళ్ళెం పట్టుకున్న సంఘ పెద్ద ఏం చెయ్యాలో తెలీక పాస్టరు గారి వంక చూశాడు. పాస్టరు గారు నా వంక చూశాడు. నేను తిత్తి లాగడం మరిచిపోయాను. పెట్టె ఆగిపోయింది. రేకుల కింద ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తినెహె!" అంది గడప అవతల నుంచి తోడికోడలు. "అందరూ సూస్తన్నారు. ఎంతసేపని సెయ్యి సాపుకుని కూకుంటావు?"

పెద్దావిడ ముక్క తీసుకుంది. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. అంత చిన్న ముక్క నాలుగేళ్ళంత పొడుగు నమిలింది. కళ్ళు మూసుకోలేదు.

ఆరాధన అయ్యాక నేను బయటికి వచ్చేసరికి తోడికోడలు వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. నేను ఏమీ అడగకుండానే, "నేనేటీ చమించలేదు మాస్టారూ. అలాగని అనుకోకండి" అంది.

"అనుకోలేదమ్మా."

"మీ వోళ్ళ దేవుడు చమించేడంటే ఆయనిష్టం. ఆయన ఎర్రావు కాదు కదా పోనాది."

దానికి జవాబు పాస్టరు గారి దగ్గరుంటుందేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆయన మా మాటలు విన్నాడు, చూపు దించుకున్నాడు.

పెద్దావిడ ఖాళీ పళ్ళెం గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చింది. తోడికోడలు ఆవిడ కోసం ఆగానని చెప్పలేదు, ఆగలేదనీ చెప్పలేదు. నడక మొదలుపెట్టింది. పెద్దావిడ నాలుగడుగుల దూరంలో వెనకే నడిచింది. చెరుకు తోట పక్కన గట్టు మీదుగా ఇద్దరూ ఊళ్ళోకి వెళుతుంటే, ముందు నడిచే మనిషి వెనక్కి తిరక్కుండానే తిడుతోంది. ఎర్రావు ఈనిన మొదటి ఈత దగ్గర్నుంచి ఎత్తుకుంది. వెనక నడిచే మనిషి ఒక్కో మాటకీ "అవునే" అంటోంది. ఆ "అవునే" ఇంత దూరం వినబడుతోంది.